కిలో నీటిలో రెండు మిల్లీగ్రాములు

వేడినీటి ఊటలను పరీక్షించి పత్రం రాసిచ్చే సంస్థలో నేను ముప్పై ఒక్క సంవత్సరాలు టైపు చేశాను. మొదట యంత్రం మీద, తరవాత కంప్యూటరు మీద. స్నానాల సత్రాల్లో బట్టలు మార్చుకునే గదిలో, గడియారం పక్కనో అద్దం పైనో, చట్రం కట్టి వేలాడదీసే పత్రం అది. నీటిలో ఏ లవణం ఎంత ఉందో, ఏ జబ్బుకు మంచిదో, ఎవరు దిగకూడదో అందులో ఉంటుంది. దాన్ని ఆసాంతం చదివిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఒయమద కినుయో గారు. ఆ అంకెలు ఆవిడ తేల్చినవే.

నాకంటే పదేళ్ళు పెద్ద. పొడవైన మనిషి, ఆ పొడవును దాచుకోవడానికా అన్నట్టు కొంచెం వంగి నడిచేవారు. తండ్రి రాగి గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడై పోయాడు. గని మూతపడ్డాక తల్లీ కూతురూ పట్నం వచ్చి స్టేషను వెనక వీధిలో మేడ మీద రెండు గదులు తీసుకున్నారు. వృత్తి పాఠశాలలో రసాయనం చదివి, ఇరవై ఒకటో ఏట, 1971లో, ఆవిడ మా సంస్థలో చేరారు. ప్రయోగశాలలో ఆడమనిషి ఆవిడ ఒక్కరే. నేను చేరేనాటికి పదేళ్ళ అనుభవం ఉన్నా, బయటి నుంచి వచ్చినవాళ్ళు ఆవిడనే టీ అడిగేవారు. ఇచ్చేవారు కూడా. ఇచ్చాక, "ఊట నమూనా గురించి వచ్చారా? నేనే చూస్తాను, కూర్చోండి" అనేవారు. వచ్చినవాళ్ళు కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడేవారు.

ఆవిడకు పని నేర్పింది మత్సునామి గారని ఒక పెద్దాయన. నేను చేరేసరికి ఉద్యోగ విరమణ దగ్గర్లో ఉన్నాడు. నోరు మహా చురుకు. కొత్తలో తన మొదటి లెక్క తీసుకెళ్తే ఆయన ఎలా పట్టుకున్నాడో కినుయో గారు నాకు నవ్వుతూ చెప్పారు.

"లీటరు నీళ్ళలో రెండు గ్రాముల లవణం అని రాశావు. ఏ లీటరు?"

"ఏ లీటరేంటండీ, లీటరంటే లీటరే కదా."

"ఊట దగ్గర నీళ్ళు తొంభై డిగ్రీలు. ఇక్కడికి తెచ్చేసరికి పదిహేను. మూతిదాకా పట్టానన్నావు, ఇప్పుడు చూడు, మెడదాకా దిగింది. ఎవరు తాగారు? బస్సు డ్రైవరా?"

"చల్లారి కుంచించుకుపోయాయండీ."

"మరి నీ లీటరు దారిలోనే మారిపోయింది. లవణం మారిందా?"

"లేదండీ."

"బరువు?"

"అదీ మారలేదు."

"అయితే కిలోకి రాయి. పాత పత్రాల్లో లీటరుకి రాసినవి కనబడితే వెంటనే నమ్మకు. ఎంత వేడిలో కొలిచారో అడుగు. అడగడానికి మనిషి బతికి ఉంటే."

ఊటల దగ్గరికి ఆవిడ ఎప్పుడూ ఒంటరిగానే వెళ్ళేవారు. సంస్థకు బండి ఒకటే, అది పెద్దవాళ్ళ కోసం. ఆవిడ సీసాల చెక్కపెట్టె భుజాన తగిలించుకుని రైలెక్కి, దిగి బస్సెక్కి, బస్సు ఆగిపోయిన చోటి నుంచి నడిచేవారు. ఊటలో గంధకం ఉంటే అది వాయువుగా ఎగిరిపోతుంది, పట్నం దాకా ఆగదు. అందుకని అక్కడికక్కడే సీసాలో జింకు ద్రావణం పోసి దాన్ని బంధించాలి. నీళ్ళు పాలలా తెల్లబడేదాకా నిలబడి చూసి, మూత బిగించి, పంపుగది మెట్టు మీద కూర్చుని ఉప్పులో ఊరిన రేగుపండు పెట్టిన అన్నపు ముద్ద తినేవారు. తరవాత మళ్ళీ బస్సు. వందల ఊటలు చూసిన మనిషి వాటిల్లో దిగింది మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తిరుగు బస్సు రోజుకు రెండే ఉండేవి మరి.

నేను చేరిన మొదటి నెలలోనే ఆవిడతో గొడవపడ్డాను. పత్రంలో ప్రతి లవణానికీ మూడు గడులుంటాయి. కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని మిల్లివాల్‌లు, నూటికి ఎన్ని మిల్లివాల్‌లు. మొత్తం చిన్న చిన్న అంకెలు. ఒక్కటి తప్పితే కాగితమంతా మళ్ళీ కొట్టాలి.

"ఒకే సంగతిని మూడుసార్లు చెప్పడమెందుకండీ? నా వేళ్ళు విరగ్గొట్టడానికా?" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఒకే సంగతి కాదు చిగుసా. మొదటి గడి బరువు. ఎవరు లావో, ఎవరు సన్నమో చెబుతుంది, అంతే. ఇక్కడ సోడియం ఉంది, దీనికి ఒక్క చెయ్యి. కాల్షియానికి రెండు చేతులు. అవతల క్లోరైడుకి ఒకటి, సల్ఫేటుకి రెండు. రెండో గడిలో ఆ చేతులు లెక్కపెడతాం. ఇటు చేతులు, అటు చేతులు సమానంగా రావాలి. రాకపోతే నేనెక్కడో తప్పు చేశానన్నమాట."

"మీరు చేస్తారా?"

"చేస్తాను. నీళ్ళు చెయ్యవు."

"మరి మూడోది?"

"ఒక్కో వైపు చేతుల్లో నూటికి ఎన్ని ఎవరివి అని. అది ఊటకి ముఖం లాంటిది."

ఆ తరవాత నేను ఎప్పుడూ విసుక్కోలేదు. ఆవిడ తల్లి పోయినప్పుడు, 1990లో, సంస్థ తరఫున ఒక్కదాన్నే వెళ్ళి ధూపం పెట్టొచ్చాను. రెండు గదుల్లో ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని అద్దెకివ్వండి అన్నాను. "ఎవరైనా ఉంటే మాట్లాడాలి కదా" అన్నారు, పెద్ద చాకిరీ సంగతి చెప్పినట్టు.

ఇక నుకుమిసవ సంగతి.

కొండల్లో, బస్సు ఆగే చోటుకు ముప్పావుగంట నడకలో, లోయ చివర ఉంటుంది నుకుమిసవ. అక్కడ ఉన్నది ఒక్కటే సత్రం. దాని యజమాని సుగవర తోమెకిచి. వాళ్ళ నాన్న తవ్వించిన ఊటను మొదట పరీక్షించడానికి 1976లో కినుయో గారు వెళ్ళారు. అప్పటికి ఆవిడకు ఇరవై ఆరు, అతనికి ముప్పై ఒకటి. ఊట యాభై ఎనిమిది డిగ్రీలు, మొత్తం లవణాలు కిలోకు రెండుంపావు గ్రాములు దాటి, గంధకం కిలోకు ఆరు పాయింట్ నాలుగు మిల్లీగ్రాములు. రెండు ఉంటే చాలు, గంధకపు ఊట అని పేరు పెట్టుకోవచ్చు. అది మూడింతలు. అంకె వినగానే తండ్రీ కొడుకులు బోర్డు రాయించుకున్నారు. చర్మం జబ్బుల వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి నెలల తరబడి ఉండేవారు.

1987లో మళ్ళీ వెళ్ళారు. గంధకం నాలుగు పాయింట్ తొమ్మిది. తోమెకిచి భార్య ఫుసాయే అడవి ఆకుకూరలతో భోజనం పెట్టి పంపింది. 1997లో మూడోసారి. మూడు పాయింట్ రెండు. ఫుసాయే పోయి అప్పటికి రెండేళ్ళు. తోమెకిచి తనే పళ్ళెం తెచ్చి, ఎదురుగా కూర్చుని, ఆవిడతోపాటు తిన్నాడు. బయల్దేరుతుంటే మలుపుదాకా పెట్టె మోసుకొచ్చి ఇచ్చి, "మళ్ళీ పదేళ్ళ దాకా ఆగకండి నీళ్ళ డాక్టరమ్మా. ఈసారి బేగి రండి" అన్నాడు.

ఈ మాట నాకెలా తెలుసంటే, ఆ ఏడాది డిసెంబరులో ఆఫీసు బల్ల మీద ఆవిడ కొత్త సంవత్సరం కార్డులు రాసుకుంటుంటే చూశాను. అన్నీ పెన్నుతో రాసి, ఒక్కటి మాత్రం కుంచెతో, రెండు కార్డులు పాడుచేసి మూడోదాని మీద రాస్తున్నారు. ఎవరికండీ అంత శ్రద్ధగా అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు చెప్పారు.

"అయితే వెళ్ళండి మరి. శనాదివారాలు కలిసొస్తాయి" అన్నాను.

"పని లేకుండా ఎలా వెళ్తాను? ఏమని వెళ్తాను?"

"స్నానానికని వెళ్ళండి. అందరూ అందుకేగా వెళ్ళేది."

"అందరూ వేరు" అని కార్డుల మీదికి వంగిపోయారు.

పదకొండేళ్ళు వెళ్ళలేదు. ఏటా కుంచెతో రాసిన కార్డు ఒకటి వెళ్ళేది. ఏటా సత్రం బొమ్మ అచ్చువేసిన కార్డు వచ్చేది, చేతి రాత ఉండేది కాదు. అది అందరికీ పంపేదే. ఆవిడ దాన్ని సొరుగులో పెట్టుకునేవారు.

తరవాత చట్టం మారింది. ప్రతి ఊటనూ పదేళ్ళకోసారి తప్పకుండా పరీక్షించాలన్నారు. 2008 మే నెలలో నుకుమిసవ వంతు వచ్చింది. కుర్రవాళ్ళెవరినైనా పంపుతానన్నాడు మా డైరెక్టరు. అప్పటికి ఆవిడకు యాభై ఎనిమిది, మోకాళ్ళు నొప్పి. "నేనే వెళ్తాను" అన్నారు. వెళ్ళే రోజు ఉదయం లేత బూడిదరంగు కొత్త కోటు వేసుకుని వచ్చారు. ఆ రంగులో నేను ఆవిడను ఎన్నడూ చూడలేదు. బాగుందన్నాను. "వాన పడుతుందేమోనని" అన్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

మర్నాడు సీసాలతో ప్రయోగశాలలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. సాయంత్రం నేను కాగితం కోసం వెళ్తే ఆవిడ గాజు గొట్టం ముందు నిలబడి ఉన్నారు. అయోడిను చుక్కలు మూడుసార్లు వేసి చూశారట. మూడుసార్లూ అదే అంకె.

"ఒకటి పాయింట్ ఏడు" అన్నారు. "నలభై మూడు డిగ్రీలకు చల్లబడింది. మొత్తం లవణాలు మూడో వంతు తగ్గాయి. అక్కడ నేను ఏమీ అనలేదు. సీసాలు పట్టుకుని వచ్చేశాను. ఆయన ఎలా ఉందని అడిగారు. పరీక్షిస్తేనే తెలుస్తుందని చెప్పాను. చేతికి తగిలినప్పుడే తెలిసింది నాకు."

ఫోను చేసి చెప్పారు. రెండోరోజు తోమెకిచి నేరుగా ఆఫీసుకు వచ్చాడు. అరవై మూడేళ్ళ మనిషి, సత్రం పనికి వేసుకునే నీలం కోటుతోనే రైలెక్కి వచ్చాడు. మేం అందరం వింటున్నామన్న సంగతే పట్టించుకోలేదు.

"ఏటండీ ఇది? వచ్చిన పెతిసారీ తగ్గించీసి పోతన్నారు మీరు! ఆరు అన్నారు, నాలుగన్నారు, మూడన్నారు. ఇప్పుడు ఒకటా?"

"ఒకటి పాయింట్ ఏడండీ."

"రెండు అవ్వడానికి తక్కువైన ఆ పాయింట్ మూడు కూడా కలిపి రాసీయండి. మూడంటే ఎంతండీ? మిల్లీగ్రాముని పది ముక్కలు సేస్తే మూడు ముక్కలు. కంటికి కనబడతాదా?"

"కనబడదు."

"మరి?"

"కనబడదు కాబట్టే నేను రాయలేను. ఎవరూ చూసి పట్టుకోలేరు కదా సుగవర గారూ. నేను రాసిందే నమ్ముతారు."

అతను బల్ల మీద చేతులు ఆనించి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"మా నాన్న తవ్వించిన ఊటండి అది. మా ఆడది ఆ బోర్డుని పెతి కొత్త సంవత్సరానికీ తడిగుడ్డెట్టి తుడిసేది. దాన్ని నా సేతుల్తో దించమంటారు. అంతేనా?"

ఆవిడ తలవంచుకుని నిలబడ్డారు. అతను అలాగే వెళ్ళిపోయాడు. అతని ముందు పెట్టిన టీ కప్పు పెట్టినట్టే ఉంది.

పత్రం టైపు చెయ్యమని డైరెక్టరు నా బల్ల మీద పెట్టాడు. గంధకపు ఊట అన్న పేరు పోయి, ఒట్టి లవణపు ఊట అని ఉంది. నేను మొదలుపెట్టబోతుంటే కినుయో గారు బీరువాలోంచి పాత పత్రాలు మూడూ తీసి పట్టుకొచ్చారు.

"ఆగు. నేను పాతవి చదువుతాను, నువ్వు కొత్తది చదువు. మూడో గడి ఒక్కటే. సోడియం?"

"అరవై ఒకటి."

"ఇక్కడ అరవై ఒకటి, అరవై ఒకటి, అరవై రెండు. కాల్షియం?"

"ముప్పై నాలుగు."

"ముప్పై నాలుగు, ముప్పై మూడు, ముప్పై మూడు. క్లోరైడు?"

"నలభై తొమ్మిది."

ఆవిడ వేలు మూడు కాగితాల మీద ఒకదాని తరవాత ఒకటి ఆగింది. "నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. నలభై తొమ్మిది."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నాకు ఇంకా అర్థం కాలేదు.

"ఊట ముసలిదైపోతే, కొండ లోపల ఏదైనా మారితే, ముఖం మారాలి చిగుసా. ఒకటి ఎక్కువ తగ్గాలి, ఒకటి తక్కువ తగ్గాలి. ఇక్కడ అన్నీ సరిగ్గా ఒకే పాళ్ళలో తగ్గాయి. పులుసులో నీళ్ళు పోస్తే ఎలా ఉంటుంది? ఉప్పూ పులుపూ రెండూ సగమవుతాయి, రుచి అదే, పలచగా ఉంటుంది. ఆ ఊటలో ఎక్కడో చన్నీళ్ళు కలుస్తున్నాయి."

"మరి గంధకం మూడో వంతు కంటే చాలా ఎక్కువ పడిపోయిందే?"

"వాగు నీళ్ళలో గాలి ఉంటుంది. ఆ గాలి గంధకాన్ని తినేస్తుంది." ఆవిడ పాత పత్రాలు మూడూ దొంతి పెట్టారు. "చన్నీళ్ళు లోతున ఎక్కడో కలుస్తుంటే చేసేదేమీ లేదు. పైన గొట్టంలోనే కలుస్తుంటే బాగుచెయ్యొచ్చు. నేను వెళ్ళి చూడాలి."

డైరెక్టరు ఒప్పుకోలేదు. పరీక్షించడం మన పని, బాగుచెయ్యడం కాదన్నాడు. ఆవిడ తన సెలవు రాసిచ్చారు. పత్రం పదిరోజులు ఆపమని అడిగారు. ముప్పై ఏడేళ్ళలో ఆవిడ అడిగిన మొదటి కోరిక అదేనేమో, అతను కాదనలేకపోయాడు. నన్ను చూసి, "నువ్వూ రాకూడదూ? నేను కొలుస్తుంటే అంకెలు రాసే మనిషి కావాలి" అన్నారు. అంకెలు రాసుకోవడం ఆవిడకు రాక కాదు. నేనూ సెలవు పెట్టాను.

తోమెకిచి మమ్మల్ని చూసి దండం పెట్టలేదు. బోర్డు అప్పటికే దించేసి గోడకు బోర్లా ఆనించాడు. "మళ్ళీ ఏటి తగ్గించడానికొచ్చేరు?" అన్నాడు. అయినా గొడుగు తీసుకుని మా వెనకే ఊట దాకా వచ్చాడు. సన్నగా వాన. ఊట గొట్టం మూతి సత్రం వెనక పల్లంలో ఉంది. దానికి పదడుగుల అవతల, మనిషెత్తు గట్టు మీద వాగు పారుతోంది.

కినుయో గారు గొట్టం మూత తీయించి, గుర్తులు కట్టిన పొడుగాటి తీగ చివర ఉష్ణమాపకం కట్టి లోపలికి వదిలారు. మోకాళ్ళ మీద బురదలో కూర్చున్నారు. కొత్త కోటే వేసుకున్నారు, అంచులు బురదలో పడ్డాయి.

"అర మీటరు. నలభై మూడు."

రాశాను.

"ఒక మీటరు. నలభై మూడు. మీటరున్నర, నలభై నాలుగు."

తోమెకిచి చుట్ట నోట్లో పెట్టుకుని అంటించకుండా నిలబడ్డాడు.

"రెండు మీటర్లు." ఆవిడ తీగ పైకి లాగి తుడిచి మళ్ళీ వదిలారు. "యాభై అయిదు."

"ఎంతన్నారు?" అన్నాడు తోమెకిచి.

"యాభై అయిదు. రెండున్నర, యాభై ఏడు. మూడు, యాభై ఏడు. రాశావా చిగుసా? నాలుగు, యాభై ఏడు." ఆవిడ తల పైకెత్తారు. వాన ముఖం మీద పడుతోంది. "సుగవర గారూ, మీ ఊటకేమీ కాలేదు. కింద ఎప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మీటరున్నరకీ రెండు మీటర్లకీ మధ్య గొట్టం చిల్లు పడింది. వాగు అందులోకి వస్తోంది."

అతను గొడుగు కింద పడేసి బురదలో ఆవిడ పక్కనే చతికిలబడ్డాడు. గొట్టంలోకి వంగి, ఏదో కనబడుతుందన్నట్టు చాలాసేపు చూశాడు.

"ముప్పై ఏళ్ళు" అన్నాడు. "ముప్పై ఏళ్ళు నేను కొండకి దండాలెట్టుకున్నానండి."

పై వారం గొట్టాల మేస్త్రీని పిలిచి తవ్వించారు. ఇనుప గొట్టాన్ని గంధకమే తినేసింది. రెండు అరచేతులంత మేర తుప్పు రాలి, వేలు పెడితే వాగు నీళ్ళు చల్లగా తగిలాయట. కొత్త గొట్టం దించి చుట్టూ సిమెంటు పోశారు. జూలైలో మళ్ళీ నమూనా తీశాం. యాభై ఆరు డిగ్రీలు. గంధకం అయిదు పాయింట్ ఒకటి. ఆ పత్రాన్ని నేను ఒక్క తప్పు లేకుండా కొట్టాను.

పత్రం ఇవ్వడానికి ఇద్దరం వెళ్ళాం. బోర్డు యథాస్థానానికి ఎక్కింది. తోమెకిచి నేలకు తల ఆనించి నమస్కరించాడు. కొండ చేపలు కాల్చి, పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ కోసి, సోయా ముద్దతో కాచే మిసో పులుసు పెట్టి మా ఇద్దరికీ పళ్ళేలు తెచ్చాడు. కాస్త సారా పుచ్చుకున్నాక నోరు విప్పాడు. మా డైరెక్టరును వెక్కిరించాడు, నా గుండ్రటి కళ్ళద్దాలు చూసి గుడ్లగూబమ్మ గారని పిలిచాడు. అందరం నవ్వాం. కినుయో గారు కూడా నవ్వారు. ఆ నవ్వులోంచే, ఎక్కడి నుంచి తెగింపు తెచ్చుకున్నారో, అడిగారు.

"కిందటిసారి నేను వెళ్తుంటే, మళ్ళీ పదేళ్ళు ఆగొద్దు, తొందరగా రండి అన్నారు. గుర్తుందా?"

"గుర్తు లేకేం! అప్పుడికే నాకు అనుమానమండి. తొట్టి సల్లబడతన్నాదని. ఎవులికి సెప్పుకుంటాను? మీరొచ్చి ఓపాలి కొలిస్తే తేలిపోతాది కదా అని సూసేను. ఏడాది సూసేను, రెండేళ్ళు సూసేను. మీరు రాలేదు."

"కొలవడానికా" అన్నారు ఆవిడ.

"మరెందుకండీ?"

అతను మామూలుగానే అన్నాడు. ఆ ముఖంలో దాపరికమేమీ లేదు. ఆవిడ ముల్లంగి ముక్క ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. అది నమిలే చప్పుడు నాకు వినిపించింది.

"నిజమే. ముందే రావలసింది. నాదే ఆలస్యం" అన్నారు.

"పోన్లెండి. అయిపోనాది. ఇంకో ముక్క ఎయ్యమంటారా?"

"వెయ్యండి."

స్నానం చేసి వెళ్ళమన్నాడు. నేను దిగాను. ఆవిడ బస్సుకు ఆలస్యమవుతుందని మెట్ల మీదే కూర్చున్నారు.

బస్సులో చాలాసేపు కిటికీ వైపు తిరిగి ఉన్నారు. వంతెన దాటాక తనే అన్నారు: "దానికోసం కోటు కూడా కొన్నాను చూడు." నవ్వుదామని మొదలుపెట్టి, సగంలో ఆపేసి, కళ్ళు మూసుకున్నారు. నిద్రపోలేదని నాకు తెలుసు. నేనూ నిద్రపోతున్నట్టు నటించాను. అప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

2010లో ఆవిడ పదవీ విరమణ చేశారు. పూలగుత్తి ఇచ్చాం, ఫోటో తీసుకున్నాం. తరచూ వస్తానని నేను చెప్పాను. వెళ్ళలేదు. మా అత్తగారి జబ్బు, నా పిల్ల పెళ్ళి, ఏదో ఒకటి. కొత్త సంవత్సరం కార్డులు మాత్రం ఒకరికొకరం పంపుకునేవాళ్ళం. ఆరేళ్ళు అలా గడిచాయి.

2016 నవంబరులో ఒక మధ్యాహ్నం ఊరి ఆసుపత్రి నుంచి ఫోను. ఒయమద కినుయో గారు మెట్ల మీద జారి పడ్డారు, తుంటి ఎముక విరిగింది, ఆపరేషను అయింది, మీరు రాగలరా అన్నారు. నన్నెందుకు పిలుస్తున్నారో అడిగాను. అత్యవసరానికి పిలవవలసిన మనిషి అన్న చోట నా పేరుందట. అది ఆవిడ మోకాళ్ళ కోసం ఏడేళ్ళ కిందట రాసిన కాగితం. అంటే ఉద్యోగంలో ఉన్నప్పుడే. ప్రతిరోజూ నన్ను చూస్తూ కూడా ఆవిడ ఆ మాట నాకు చెప్పలేదు.

నేను వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద పడుకుని పైన వేలాడే సీసా వైపు చూస్తున్నారు. బాగా సన్నబడ్డారు. నన్ను చూసి ముఖం చిట్లించారు.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"ఆసుపత్రి వాళ్ళు. నా పేరు మీరే రాశారట."

"ఏదో ఒక పేరు రాయమన్నారు. నీ ఇంటి నంబరొక్కటే నాకు నోటికొచ్చు." దుప్పటి సర్దుకుని, "పనులు మానుకుని వచ్చావా?" అన్నారు.

"నాకేం పనుల్లేవు."

"ఆ సీసా చూడు. సున్నా పాయింట్ తొమ్మిది శాతం అని రాశారు. శాతమంటే? నూరు గ్రాములకా, నూరు మిల్లీలీటర్లకా? నర్సుని అడిగాను."

"ఏమంది?"

"జ్వరం చూసి వెళ్ళిపోయింది."

ఇద్దరం నవ్వాం. నవ్వితే తుంటి నొప్పెడుతుందని ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. తరవాత ఆ చెయ్యి వదల్లేదు.

సాయంత్రం నర్సు కొత్త కాగితాలు తెచ్చింది. పాతదాంట్లో, రోగికి ఏమవుతారు అన్న గడి ఖాళీగా ఉందట, ఇప్పుడు నింపమంది. ఆవిడ గోడ వైపు చూస్తూ ఉన్నారు. స్నేహితురాలు అని రాశాను. రాస్తుంటే చేతికి సిగ్గేసింది.

ఇప్పుడు ఆవిడ కర్ర పట్టుకుని నడుస్తారు. మేడ గదులు వదిలేసి, మా ఇంటికి రెండు స్టేషన్ల అవతల కింది అంతస్తులో ఒక గది తీసుకున్నారు. నేను ఆదివారాలు వెళ్తాను. పెద్దగా మాట్లాడుకోం. ఆవిడ టీ పెడతారు, నేను బట్టలు మడతపెడతాను. కుదరక నేను రాని ఆదివారం ఏం చేస్తుంటారని మొన్న అడిగాను.

"సోమవారం దాకా నీకోసం చూస్తాను" అన్నారు.